అమ్మమ్మా తాతయ్యల యూరప్ రైలు యాత్రకు ప్లాన్ వేసే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్లో పెద్దవాళ్లిద్దరినీ నెల రోజులు యూరప్‌లో రైళ్ల మీద తిప్పాలని మీరు మ్యాపు ముందేసుకుని కూర్చుంటారు. అందులో దూరాలు చూసి భయపడొద్దు. డెబ్బై ఏళ్లవాళ్లకు నాలుగు గంటల ప్రయాణం ఏమంత భారం కాదు, కిటికీ పక్కన కూర్చునే ఉంటారు. కష్టమంతా రైలు మారేటప్పుడే. పెట్టె దించుకోవాలి, మెట్లు దిగాలి, ప్లాట్‌ఫారం వెతకాలి, మళ్లీ పెట్టె ఎక్కించుకోవాలి. అక్కడ కూలీలు దొరుకుతారని ఆశ పెట్టుకోకండి. కాబట్టి రోజుకు ఎన్ని కిలోమీటర్లని కాదు, ఎన్నిసార్లు రైలు మారాలని లెక్కపెట్టండి. రెండుసార్లు మించొద్దు, మధ్యలో అరగంటైనా ఉండాలి. ఎనిమిది నిమిషాల్లో మారిపోవచ్చని యాప్ చెబుతుంది. అది పరుగెత్తగలవాళ్ల లెక్క.

ఇండియాలో ఉండేవాళ్లు కొనాల్సింది యూరైల్ గ్లోబల్ పాస్, అంటే చాలా దేశాల రైళ్లెక్కనిచ్చే ఒకే టికెట్టు. 33 దేశాల్లో చెల్లుతుంది, 60 నిండినవాళ్లకు 10 శాతం తగ్గింపు ఉంది. మీలో జర్మనీలోనో ఇంగ్లండులోనో ఉంటున్నవాళ్లు పెద్దవాళ్లతో కలిసి తిరగాలంటే మాత్రం యూరప్‌లో ఉండేవాళ్లకిచ్చే ఇలాంటి పాస్ ఇంటర్‌రైల్ కొనుక్కోవాలి. దానిమీద మీరుండే దేశంలో బయటికి వెళ్లేందుకు ఒక రోజు, తిరిగొచ్చేందుకు ఒక రోజు మాత్రమే ప్రయాణించవచ్చు.

పెద్దవాళ్లకు రెండు నెలల్లో 10 రోజులో 15 రోజులో వాడుకునే పాస్ సరిపోతుంది. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. రాత్రి రైలైతే బయల్దేరిన రోజు ఒక్కటే ఖర్చవుతుంది, కానీ అర్ధరాత్రి తర్వాత ఇంకో రైలు మారితే మరో రోజు కూడా పోతుంది. వియన్నా నుంచి బ్రాటిస్లావా గంట ప్రయాణం. అలాంటి చిన్న దూరాలకు పాస్ రోజు తగలెయ్యకుండా విడిగా టికెట్టు కొనండి.

పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫ్రాన్స్ వేగపు రైళ్లయిన టీజీవీలకు, ఇటలీ, స్పెయిన్‌లలోని వేగపు రైళ్లకు, లండన్, పారిస్‌లను కలిపే యూరోస్టార్‌కు విడిగా డబ్బు కట్టి రిజర్వేషన్ చేయించాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లకు అక్కర్లేదు. అయినా శుక్రవారం సాయంత్రం జర్మనీ రైలెక్కితే నిలబడాల్సి రావచ్చు. పెద్దవాళ్లకు అక్కడ కూడా సీటు పట్టించండి.

పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌కు నేరుగా వెళ్లే టీజీవీ లిరియాలో పాస్ ఉన్నవాళ్లకు ఇచ్చే సీట్లు పరిమితం, త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే పారిస్ తూర్పు స్టేషన్, అంటే గార్ ద లెస్ట్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు టీజీవీలో రిజర్వేషన్‌తో వెళ్లి, అక్కడ బాజెల్‌కు లోకల్ రైలెక్కండి. దానికి రిజర్వేషన్ లేదు. బాజెల్ నుంచి జ్యూరిక్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని కూర్ అనే ఊరు, అక్కణ్నుంచి సెయింట్ మోరిట్జ్ చేరితే కొండల మీదుగా పోయే బెర్నీనా లైను మొదలవుతుంది.

ఆ లైను కోసం రెండు రోజులు కేటాయించినా తప్పులేదు. సెయింట్ మోరిట్జ్ నుంచి ఎక్కుతూ 2253 మీటర్ల ఎత్తున ఓస్పిజియో బెర్నీనా దాటి, ఇటలీలో 429 మీటర్ల దగ్గరున్న తిరానోకు దిగుతుంది. వంద మీటర్లకు ఏడు మీటర్ల వాలు, అయినా చక్రం జారకుండా పట్టుకునే పళ్లున్న పట్టా లేదు, మామూలు చక్రాలే. బ్రూజియో దగ్గర వాలు తట్టుకోవడానికి లైను గుండ్రంగా తిరిగి, తాను దాటిన వంతెన కిందుగానే వస్తుంది. పెద్ద అద్దాల బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌లో కూర్ నుంచి తిరానోకు మారకుండా వెళ్లొచ్చు, రిజర్వేషన్ తప్పనిసరి. సెయింట్ మోరిట్జ్‌లో ఒక రాత్రి ఆగేట్టయితే నా ఓటు లోకల్ రైలుకే. పాస్ చాలు, పట్టాలు అవే, పైగా తెరుచుకునే కిటికీలు. కూర్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోబెట్టండి. తిరానోలో స్విస్ స్టేషన్, ఇటలీ స్టేషన్ పక్కపక్కనే. అక్కణ్నుంచి మిలాన్‌కు లోకల్ రైలు రెండున్నర గంటలు, కోమో సరస్సు కుడివైపే.

ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు. సమ్మె పని రోజున పడితే ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని లోకల్ రైళ్లు కచ్చితంగా నడుస్తాయి. ఆ వేళల్లోనే కదిలించండి.

కొన్ని రాత్రి రైళ్లు మధ్యదారిలో విడిపోయి, ఒక్కో ముక్క ఒక్కో ఊరికి పోతుంది. తలుపు పక్కనున్న బోర్డు మీద కోచ్ నంబరు, ఊరు పేరు రెండూ చూసుకునే ఎక్కాలి. మన రైళ్లలోలాగా పెద్దవాళ్లకు కింది బెర్తు దానంతటది రాదు, బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. లేకపోతే నిచ్చెనెక్కాలి.

పాస్ ఫోన్‌లోనే ఉంటుంది. ఎక్కే ముందే ఆ రైలును పాస్ యాప్‌లో పాస్‌కు జోడించాలి. జోడించకుండా టీటీ కంటబడితే టికెట్టు లేనట్టే. మూడు రోజులకొకసారైనా యాప్‌ను నెట్‌కు కలపాలి. అసలు పాస్‌పోర్టు చేతిసంచిలో ఉండాలి, పవర్ బ్యాంకు కూడా.

వీసా షెంగెన్‌ది, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించి ఉండకూడదు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే దరఖాస్తు, 30,000 యూరోల ఇన్సూరెన్సు తప్పనిసరి. లండన్‌ను కలిపితే ఇంకో వీసా.

పెట్టె ఒక్కొక్కరికి ఒకటే, పది కిలోలు మించకుండా, ఎవరిది వాళ్లు ఎత్తుకోగలిగేట్టు. పొడులు, ఆవకాయ సర్దండి. చికెన్ పచ్చడి, నెయ్యి మాత్రం వద్దు, యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు తీసుకురానివ్వరు. హోటల్ గదిలో పోపు పెడితే అలారం మోగుతుంది, వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకోండి. కుక్కరుకుండే మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు. ఆ ప్లగ్గుకు జర్మనీ కోసం కొన్న అడాప్టరు స్విట్జర్లాండ్‌లో దూరదు, దానికి వేరేది కొనండి.

మీ తాతయ్య