టీడీఎస్ కోశారు కదా, ఇంకా పన్నేంటి? ఫ్రీలాన్సర్ల అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో పన్ను రిటర్నులు వేసే ఆఫీసు మాది. ఒకప్పుడు మా దగ్గరికి స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు ఉద్యోగులే ఎక్కువగా వచ్చేవాళ్లు. జీతం, కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే ఫారం 16 చేతిలో పెడితే చాలు, పని అయిపోయేది. ఇప్పుడు మధురవాడ నుంచి, ఎంవీపీ కాలనీ నుంచి, గాజువాక నుంచి ఇంట్లో కూర్చుని హైదరాబాదుకో అమెరికాకో పనిచేసే పిల్లలు వస్తున్నారు. వీళ్లకు ఫారం 16 ఉండదు, ఫ్రెండ్స్ చెప్పిన మాటలుంటాయి. పన్ను ఎగ్గొడదామని వచ్చేవాళ్లు వీళ్లలో తక్కువే. భయపడి అక్కర్లేనివి నెత్తిన వేసుకున్నవాళ్లు, తమకు రావాల్సింది వదిలేసుకున్నవాళ్లు ఎక్కువ.

ముందుగా ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. అందరి నోళ్లలో నానుతున్నవి పాత నంబర్లే కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాను.

అపోహ: కంపెనీవాళ్లు 10 శాతం కోసేశారు, నా పన్ను అయిపోయింది.

డబ్బిచ్చేవాళ్లు ముందే ఇలా కొయ్యడమే టీడీఎస్. కోసింది మీ పేరున జమ చేసిన అడ్వాన్సు మాత్రమే. అసలు లెక్క తేలేది రిటర్నులో. మధురవాడ నుంచి ఒక యాప్ డెవలపర్ వచ్చాడు. హైదరాబాదు కంపెనీకి నెలకు 60,000 బిల్లు వేస్తే చేతికి 54,000 వచ్చేది. "మిగతాది వాళ్లు కట్టేస్తారు కదా సార్, నేను మళ్లీ ఎందుకు ఫైల్ చెయ్యాలి?" అన్నాడు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో, మన పాన్ మీద జమైన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తెరిచి చూపించాను. వృత్తి ఫీజుల మీద కోతకు సంబంధించిన 194జె సెక్షన్ కింద నెలకో వరుస చొప్పున పన్నెండు వరుసలు, ప్రతిదాంట్లో 6,000. మొత్తం 72,000 అతని పాన్ మీద పడి ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాది రాబడి 7,20,000. ఐటీ వృత్తి 44ఏడీఏ అనే సెక్షన్ కిందకి వస్తుంది కాబట్టి అందులో సగం, అంటే 3,60,000 ఆదాయంగా చూపిస్తే సరిపోతుంది. రెండు పన్ను విధానాల్లో కొత్తదాని కింద 4 లక్షల దాకా పన్నే లేదు. అంటే 72,000కు 72,000 రిఫండ్. ఆ ఏడాదిది వచ్చింది. అంతకుముందు ఏడాదిది మాత్రం రిటర్ను వేసే ఆఖరి గడువు డిసెంబరు 31 దాటిపోయింది. "ఐటీఆర్-యూ వేసేద్దాం సార్" అన్నాడు. గడువు దాటాక వేసే ఆ రిటర్నుతో పన్ను కట్టొచ్చుగానీ రిఫండ్ అడగడానికి వీల్లేదు. ఆలస్యాన్ని మన్నించమని శాఖకు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడటమొక్కటే దారి.

నిజానికి వేరే ఆదాయమేదీ లేకుండా, 44ఏడీఏలో సగం చూపించేవాళ్లకు ప్రతి బిల్లు మీదా 10 శాతం కోత పడుతుంటే, ఆ సెక్షన్ గరిష్ఠ పరిమితి 75 లక్షల దాకా ఎక్కడ లెక్కేసినా ఎంతో కొంత వెనక్కే వస్తుంది. చేతి నుంచి కట్టాల్సి వచ్చేది ఎక్కువగా టీడీఎస్ పడనివాళ్లు. వాళ్లెవరో కింద చెబుతాను.

అపోహ: 44ఏడీఏ ఫ్రీలాన్సర్లందరికీ ఉంది, పైగా ల్యాప్‌టాప్, అద్దె కూడా తీసేసుకోవచ్చు.

రెండూ తప్పే. న్యాయ, వైద్య, ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా, ఇంటీరియర్ డెకరేషన్, ఐటీ, సినిమా కళాకారులు, ఇంకా ఒకటి రెండు వృత్తులు. చట్టం పేరు పెట్టి చెప్పినవి అంతే. సినిమాకు ఎడిటింగ్ చేసేవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల సంగతి అలా కాదు. కంటెంట్ రాసేవాళ్లు, డిజిటల్ మార్కెటింగ్ చేసేవాళ్లు "నేనూ ఐటీయే" అని టిక్ పెట్టేసేముందు ఎవరినైనా అడగండి. పరిమితి మామూలుగా 50 లక్షలు. నగదు రూపంలో వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షలు.

సగం ఖర్చుగా వదిలేశాక ల్యాప్‌టాపు, ఇంటర్నెట్టు, అద్దె అన్నీ ఆ సగంలోనే ఉన్నట్టు. మళ్లీ విడిగా తీసేది ఉండదు. 50 శాతం అనేది కనీసమే సుమా. ఇంట్లోంచి పనిచేస్తూ ఖర్చు పదో వంతు కూడా లేనివాళ్లు, మిగిలిందంతా ఆస్తిగా కూడబెట్టి కాగితం మీద సగమే చూపిస్తే, అడిగిన రోజు జవాబు వాళ్లే చెప్పుకోవాలి. లెక్కల పుస్తకాలు రాయక్కర్లేదు, నిజమే. ఇన్వాయిసులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం పారేయకండి.

అపోహ: 12 లక్షల దాకా పన్ను లేదు, రిటర్ను దండగ.

పన్ను సున్నా అవడం వేరు, రిటర్ను వెయ్యక్కర్లేకపోవడం వేరు. ఆదాయం 4 లక్షలు దాటినా, వృత్తి రాబడి 10 లక్షలు దాటినా, టీడీఎస్ 25,000 చేరినా రిటర్ను వెయ్యాల్సిందే. షేర్లు కొన్నాళ్లకే అమ్మి సంపాదించిన లాభానికి ఆ 12 లక్షల రాయితీ పట్టదు. ఉద్యోగులకిచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ వృత్తి ఆదాయానికి లేదు. అన్నట్టు, ఇంటి లోనుకు వెళ్లిన రోజు బ్యాంకువాళ్లు మొదట అడిగేవి ఐటీఆర్‌లే.

అపోహ: డాలర్లలో వచ్చిన డబ్బుకు ఇక్కడ పన్నుండదు.

ఇక్కడ నివసిస్తున్నవాళ్లకు ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చినా ఇక్కడ పన్నే. విదేశీ క్లయింటు మన దగ్గర టీడీఎస్ కొయ్యడు కాబట్టి ఇందాక చెప్పిన చేతి నుంచి కట్టే బాపతు వీళ్లే. ఏడాది పన్ను 10,000 లేదా అంతకుమించి తేలేలా ఉంటే అడ్వాన్సు టాక్సు కట్టాలి. 44ఏడీఏ వాళ్లకు నాలుగు వాయిదాల గొడవ లేదు, మార్చి 15లోగా ఒకేసారి కడితే చాలు. మరిచిపోతే నెలకు 1 శాతం చొప్పున వడ్డీ. డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు నుంచో పేమెంట్ సంస్థ నుంచో విదేశీ జమ పత్రం దించి పెట్టుకోండి. ఏడాది తర్వాత అడిగితే దొరకడం కష్టం.

అపోహ: హైదరాబాదు వేరే రాష్ట్రం కాబట్టి జీఎస్టీ నంబరు తప్పనిసరి.

మన ఊళ్లో అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. విశాఖ ఫ్రీలాన్సరుకు పెద్ద క్లయింట్లంతా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదుకు వేసే ప్రతి బిల్లూ అంతర్రాష్ట్ర సరఫరాయే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు అంతర్రాష్ట్ర సేవలకు రూపాయి రాబడికైనా నంబరు తీసుకోవాలనే ఉండేది. అదే ఏడాది అక్టోబరు 13న ఇచ్చిన నోటిఫికేషన్‌తో, మొత్తం టర్నోవరు 20 లక్షలు దాటని సేవలవాళ్లకు ఆ నిబంధన తీసేశారు. నిబంధన మూడు నెలలుండి పోయింది, పుకారు మాత్రం ఇంకా బతికే ఉంది. సరుకు అమ్మేవాళ్ల లెక్క వేరు, అది ఇక్కడ కలపకండి.

ఎంవీపీ కాలనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. వెబ్‌సైట్లు చేస్తుంది, ఏడాదికి 8 లక్షల లోపే. ఎవరో చెప్పారని నంబరు తీసేసుకుంది. నంబరు తీసుకున్నాక టర్నోవరు ఎంత తక్కువైనా ప్రతి బిల్లు మీదా మామూలుగా 18 శాతం జీఎస్టీ వెయ్యాలి. ఆమె క్లయింట్లు చిన్న చిన్న క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు. ఆ 18 శాతాన్ని వాళ్లు వెనక్కి తీసుకోలేరు, "అదంతా కలిపి పాత రేటుకే చెయ్యమ్మా" అంటారు. చేసింది, తన జేబులోంచే పోయింది. పని లేని నెలల్లో నిల్ రిటర్ను వెయ్యడం మరిచిపోతే రోజుకు 20 రూపాయల లేట్ ఫీజు, ఒక్కో రిటర్నుకు 500 దాకా. చివరికి నంబరు రద్దుకు పెట్టించాను. పాత రిటర్నులన్నీ తీర్చి, ఫైనల్ రిటర్ను కూడా వేసేదాకా అది తెమలలేదు.

టర్నోవరు 20 లక్షలు దాటిందా, అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు. ఆ లెక్కలో విదేశీ బిల్లులూ కలుస్తాయన్నది చాలామంది మరిచిపోయే సంగతి. డాలర్లలో 25 లక్షలు సంపాదిస్తే నంబరు తీసుకోవాల్సిందే. అయితే ఎగుమతి సేవలకు రేటు సున్నా. ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో జీఎస్టీ పోర్టల్‌లోనే ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేస్తే, పన్ను వసూలు చెయ్యకుండా బిల్లు పంపొచ్చు. జీఎస్టీ నంబరుకూ, ఎల్‌యూటీకీ ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. మాలాంటివాళ్లకు ఇచ్చేది మా పనికి మాత్రమే.

అపోహ: ప్రొఫెషనల్ టాక్సు ఉద్యోగులదే.

కాదు, వృత్తిదారులూ దాని పరిధిలోకి వస్తారు. జీతంలోంచి కోసే యజమాని లేడు కాబట్టి మీరే కట్టుకోవాలి. ఏడాదికి 2,500 మించదు, రాజ్యాంగం 276వ అధికరణం పెట్టిన హద్దు అది.

అపోహ: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్యాక్టరీలకు, మనకెందుకు?

ఇది తెలియక మనవాళ్లు పోగొట్టుకుంటున్నది నాకు అన్నిటికన్నా బాధ. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఈ నమోదు సేవలవాళ్లకూ ఉంది, ఆధార్‌తో సొంతంగా ఉచితంగా చేసుకోవచ్చు. వేలు అడిగే ప్రైవేటు వెబ్‌సైట్ల జోలికి వెళ్లకుండా చిరునామా చివర గవ్.ఇన్ ఉందో లేదో చూసుకోండి. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక కూడా ఉంది. గడువు దాటించిన కంపెనీ ఆ బిల్లును, నిజంగా డబ్బిచ్చిన ఏడాదిలో తప్ప, తన ఖర్చుగా చూపించుకోలేదు. ఇన్వాయిసు కింద ఉద్యమ్ నంబరు ఒక లైనులో రాయండి. అకౌంట్స్ విభాగంవాళ్లు మార్చి నెలలో ఆ లైను కోసం వెతుకుతారు.