పలాస రేకుల ఇంటికి ఆర్కిటెక్ట్ ఎవరు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140, 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాం, ఇళ్ల మీద రేకులు ఎందుకు లేచిపోయాయో మాత్రం పెద్దగా మాట్లాడుకోం.

గాలి రేకుని తోసేస్తుందనుకుంటాం గానీ, ఎక్కువగా అది పైకి లాగుతుంది. వాలు తక్కువున్న కప్పు మీదుగా గాలి జోరుగా పోతుంటే పైన పీడనం తగ్గిపోతుంది, తలుపో కిటికీయో విరిగి గాలి లోపలికి కూడా దూరిందంటే కింద నుంచి నెట్టుడు తోడవుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. గంటకు 144 కిలోమీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 100 కిలోల బరువుతో సమానం, అదే చదరపు మీటరు ఇనుప రేకు బరువేమో ఐదారు కిలోలు! అంటే రేకుని ఆపాల్సింది బోల్టులే. అంచుల్లో, మూలల్లో లాగుడు మరీ ఎక్కువ కాబట్టి అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా పడాలి. రేకు నుంచి దూలానికి, దూలం నుంచి గోడకి, గోడ నుంచి పునాదికి ఎక్కడా పట్టు తెగకూడదు.

మన తీరంలో పాత చుట్టిళ్లు చూడండి. గుండ్రటి గోడ, కోసుగా లేచిన తాటాకు కప్పు, బాగా కిందికి దిగిన చూరు. గాలికి దొరికే మూలే లేదు. తాటాకు నిప్పుకి ఆగదు, తరచూ మార్చాలి, అందుకని మళ్లీ అవే కట్టుకోమని నేననను. కానీ రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు, ముప్పై డిగ్రీల వాలుతో, గాలికి బాగా నిలుస్తుంది. ఆ తెలివి రేకుల ఇంటికీ పనికొస్తుంది.

ఈ లెక్కలన్నీ ఆర్కిటెక్టులు చదువుకున్నవే. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం రిజిస్టరు కానివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు. మరి కవిటిలో, మందసలో ఇంటి ప్లాను గీసేదెవరు? మేస్త్రి. ఆయన్ని తప్పుపట్టలేం, ఈ లెక్క ఆయనకు ఎవరు చెప్పారు గనక? కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ తక్కువ ఖర్చు ఇళ్లు కట్టడమే కాదు, మామూలు జనానికి అర్థమయ్యేలా బొమ్మలతో చిన్న పుస్తకాలూ వేశారు. ఫీజు ఇచ్చుకోలేని ఇంటికి కూడా ఆర్కిటెక్ట్ బాధ్యత పడాలని నేను గట్టిగా నమ్ముతాను.

స్లాబ్ వేసేస్తే సరిపోదా అంటారు. నాలుగంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి 250 కిలోలు, గాలికి లేవదు, నిజమే. కానీ మే నెలలో పగలంతా తాగిన ఎండని రాత్రంతా గదిలోకి వదులుతుంది. అక్టోబరు గాలికీ మే ఎండకీ ఒకే ఇల్లు తట్టుకోవాలి, ఆర్కిటెక్ట్ బుర్ర పెట్టాల్సింది అక్కడే. వరండానే తీసుకోండి, ఎండకీ వానకీ అది కావాలి, కానీ దాని రేకుల్ని ఇంటి కప్పుకే పొడిగిస్తే గాలి కింద నుంచి పట్టుకుని మొత్తం లేపేస్తుంది. వరండా కప్పు విడిగా వేస్తే, అది ఎగిరిపోయినా ఇంటి కప్పు మిగిలే అవకాశం ఉంటుంది. ఇందుకు కావాల్సింది మేస్త్రి చేతిలో ఒక్క బొమ్మ, మొదటి ఇంటి దగ్గర పక్కనుండి కట్టించే మనిషి.