కుట్టడం వచ్చు, రేటు చెప్పడమే రాదు

ఇంటర్ ఒకేషనల్‌లో గార్మెంట్ కోర్సు చదివే అమ్మాయి చేతికి ఆది జాకెట్టు ఇవ్వండి, కొలతలు తీసి, లైనింగ్ వేసి, హుక్కులతో సహా కుట్టి తెస్తుంది. ఎంతమ్మా అని అడిగితే మాత్రం "మీ ఇష్టం ఆంటీ" అంటుంది.

ఇది బిడియం ఒక్కటే కాదు. మన దగ్గర కుట్టుమిషన్ అంటే పేద ఆడవాళ్లకి చేసే సాయం. సభ పెట్టి, మిషన్లు పంచి, ఫొటో దిగితే పని అయిపోయినట్టే. వృత్తి చదువుల మీదా చిన్నచూపే. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ పిల్లల్లో 1990 కల్లా 10 శాతం, 1995 కల్లా 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలంది. కుదరలేదు, 1992లో ఆ గడువుల్ని 1995కి, 2000కి జరిపారు. ఢిల్లీలో ఫ్యాషన్ డిజైన్ నేర్పే జాతీయ సంస్థ నిఫ్ట్ పుట్టింది కూడా 1986లోనే, హైదరాబాద్‌కి 1995లో వచ్చింది. అక్కడ చదివితే డిజైనర్, ఒకేషనల్‌లో చదివితే టైలరమ్మ!

తమాషా ఏంటంటే, వ్యాపార దృష్టిని శిక్షణతో పెంచొచ్చా అన్న పేరున్న ప్రయోగం జరిగింది మన కాకినాడ వాళ్ల మీదే. 1964లో హార్వర్డ్ సైకాలజిస్టు డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం అక్కడి వ్యాపారులకి హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పించింది, తర్వాత వాళ్లు వ్యాపారంలో మరింత చురుగ్గా కదిలారని, పాత ఆచారాలు, నమ్మకాలు అందుకు అడ్డు రాలేదని తేల్చింది. కాకపోతే వాళ్లు అప్పటికే కొట్లు నడుపుతున్నవాళ్లు. పదిహేడేళ్ల పిల్లకి ఎక్కడ మొదలుపెట్టాలి?

అప్పు దగ్గరనుంచి అని చాలామంది అంటారు. 2015లో చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే కేంద్ర పథకం ముద్ర వచ్చింది, అందులో శిశు అనే చిన్న అప్పు కింద 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. చేతివృత్తుల వాళ్లకోసం 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలో దర్జీలూ ఉన్నారు, కానీ 18 ఏళ్లు నిండాలి. నన్నడిగితే అప్పుకంటే ముందు లెక్క.

మా పక్కింటి అమ్మాయి కోర్సు రికార్డులో బుల్లి జబ్లాలు, కాజాలు ముచ్చటగా అతికించి ఉంటాయి, ఒక్కదాని పక్కనా ధర లేదు. ఓ రోజు కూర్చోబెట్టి జాకెట్టు లెక్క రాయించాను. కుట్టుకూలి 350, లైనింగ్, దారం, హుక్కులు కలిపి 70, మిగిలింది 280 అని సంబరంగా చూపించింది. కరెంటు రాయలేదు, నాలుగు గంటలు కూర్చున్న తన కష్టమూ రాయలేదు. అవి కూడా వేశాక కాసేపు కాగితం వైపే చూసి, రేటు 450 చేసింది. ఆల్టరేషన్‌కి మాత్రం ఇప్పటికీ డబ్బులు అడగదు.