మక్కా మసీదు చూడబోయే మా తిరుపతి వాళ్ళకు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి నుంచి హైదరాబాదుకు టూరు బ్యాచీలను తీసుకెళ్ళడం నా పని. సాయంత్రం వెంకటాద్రి ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడ. గోల్కొండ అంటే ఎవరికీ అనుమానాలుండవు. మక్కా మసీదు పేరెత్తితే మాత్రం రైల్లోనే ప్రశ్నలు మొదలవుతాయి.

అపోహ: ముస్లింలు కానివాళ్ళను రానివ్వరు.

వాస్తవం: నమాజు వేళలు తప్పించి వెళ్తే ఆవరణలోకి ఎవరైనా వెళ్ళొచ్చు. ఒకసారి పుత్తూరు అవ్వ ఒకావిడ గేటు దగ్గరే ఆగిపోయింది. "ఇంత బొట్టు పెట్టుకోనుండాను, రానిస్తారా నాయనా?" అని నన్నడిగింది. పక్కన కూర్చున్న ముసలాయన విని, ఏ ఊరమ్మా అన్నాడు. తిరుపతి వైపు అని చెప్పగానే "మరి లడ్డూ ఏదీ?" అని నవ్వాడు. "ఈసారి తెస్తాలే" అని అవ్వ లోపలికి నడిచింది.

ఇబ్బంది వచ్చేది టైముతోనే. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు ఆవరణ నిండిపోతుంది, అప్పుడు వెళ్ళకండి. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియానికీ సెలవే, అందుకే శుక్రవారం నేను గోల్కొండ పెట్టుకుంటాను. నిక్కర్లు వద్దు. ఆడవాళ్ళు తల మీదికి కొంగో చున్నీయో వేసుకుంటే మంచిది. నమాజు చేసే హాలు దగ్గర మాత్రం అక్కడివాళ్ళు ఎంతవరకు అంటే అంతవరకే. కొండ మీద పద్ధతులు తెలిసినవాళ్ళకు ఇదేం కొత్త కాదు.

అపోహ: చార్మినార్, మసీదు ఒకే రాజు కట్టించాడు.

వాస్తవం: చార్మినార్ 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించింది. మసీదు పని మొదలైంది అతని తర్వాతి సుల్తాను కాలంలో, 1617 ప్రాంతంలో. ఈలోగా 1687లో గోల్కొండే మొఘలుల చేతికి పోయింది. చివరికి 1694లో పూర్తిచేయించింది ఔరంగజేబు! ఈ మాట చెప్పగానే ఫోన్లు చూసుకునే కుర్రాళ్ళు కూడా తలెత్తుతారు. పాతబస్తీ చుట్టూ ఉండిన కోటగోడ ఇంకా ఆలస్యం, అది 18వ శతాబ్దం నాటిది. ఇప్పుడు దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మిగిలాయి.

అపోహ: మసీదంతా మక్కా మట్టే.

వాస్తవం: మక్కా మట్టితో చేసిన ఇటుకలు మధ్య కమానులో వాడారని చెబుతారు, పేరు అలా వచ్చింది. కంటికి కనిపించేదంతా నల్లరాయే.

అపోహ: నిజాములందరి సమాధులూ అక్కడే.

వాస్తవం: కాదు. మొదటి నిజాముది మహారాష్ట్రలోని ఖుల్దాబాద్‌లో, ఏడో నిజాముది కింగ్ కోఠి ఎదురుగా జూడీ మసీదులో.

ఇక ఆవరణలోని రాతిబల్ల. దాని మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ హైదరాబాదు వస్తారంటారు. నేను ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాను. ఉద్యోగమే అది, బల్ల గొప్పేం లేదు. ఆ రోజు అవ్వకూ ఇదే చెప్పాను. వినలేదు, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"లడ్డూ బాకీ ఉండాది కదా నాయనా" అంది.