పుర్రెలో పట్టినన్ని ఆవాలు, బుర్రలో అంత తెలివా?

విశాఖలో నేను ఆంత్రోపాలజీ పాఠాలు చెబుతాను. ప్రాక్టికల్స్‌లో పిల్లలకు భలే నచ్చేది పుర్రె కొలత. అడుగున ఉన్న పెద్ద రంధ్రంలోంచి ఆవాలు పోసి, కుదిపి నింపి, మళ్ళీ కొలజాడీలోకి వంపుతాం. మనిషికి సగటున 1350 ఘన సెంటీమీటర్లు వస్తుంది. (ఆ ఆవాలు పోపులోకి వెళ్ళవు లెండి.) ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఎక్కువ పట్టినోడే తెలివైనోడా?"

అపోహ: తల ఎంత పెద్దదైతే తెలివి అంత.

వాస్తవం: ఇజ్రాయెల్‌లోని అముద్ గుహలో దొరికిన నియాండర్తల్ (అంతరించిపోయిన ప్రాచీన మానవ జాతి) పుర్రెలో సుమారు 1740 పడుతుంది. ఆ లెక్కన వాళ్ళే మనకు క్లాసు చెప్పాలి. వాళ్ళ పుర్రె వెనక్కి సాగి పొడుగ్గా ఉంటుంది, మనది గుండ్రం. అంటే లోపలి భాగాల పొందిక వేరు. అది ఆవాలకు అందదు.

అపోహ: నియాండర్తల్‌లు మొద్దులు.

వాస్తవం: బర్చ్ చెట్టు బెరడును కాల్చి జిగురు తీసినవాళ్ళు మొద్దులెలా అవుతారు? పైగా జగదాంబ సెంటర్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళ జన్యువుల్లోనూ ఒకటి రెండు శాతం వాళ్ళదే.

అపోహ: చిన్న బుర్రకు పనితనం రాదు.

వాస్తవం: నాకు ఇష్టమైన కథ ఇదే. 2003లో ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, లియాంగ్ బువా గుహలో ఒక అస్థిపంజరం దొరికింది. ఎత్తు మీటరు పైచిలుకు, మెదడు చింపాంజీ మెదడంత. ఇది వేరే మానవ జాతి కాదు, జబ్బు చేసిన మామూలు మనిషేనని కొందరు గట్టిగా వాదించారు. 2007లో మణికట్టు ఎముకలు పరిశీలిస్తే అవి మన తీరులో లేవు, వానరాల తీరులో ఉన్నాయి. అదే గుహలో రాతి పనిముట్లూ, కోత గాట్లున్న స్టెగోడాన్ ఎముకలూ ఉన్నాయి. స్టెగోడాన్ అంటే ఏనుగు జాతికి దగ్గరిది.

రాయి చెక్కడం అంత తేలికేం కాదు. ఓసారి మా పిల్లలు సరదాగా కైలాసగిరి ఖోండలైట్ ముక్కతో మొదలుపెట్టారు. అంచు రాలేదు సరికదా, పొడి రాలింది. రాయి ఎంచుకోవడంలోనే ఓడిపోయారు, 1350 పెట్టుకుని!

ఇక దక్షిణాఫ్రికాలో దొరికిన మరో ప్రాచీన మానవ జాతి, హోమో నాలెడీ. మెదడు 465 నుంచి 610. చనిపోయినవాళ్ళను పూడ్చిపెట్టేదని 2023లో పరిశోధక బృందం ప్రకటిస్తే, చాలామంది నిపుణులు ఆధారాలు చాలవన్నారు. నేనూ వాళ్ళ పక్షమే. మెదడు చిన్నదని కాదు, గొయ్యి తవ్వి పూడ్చిన గుర్తు మట్టిలో స్పష్టంగా చూపలేదని.