చిన్నమ్మ గుండె

చిన్నారీ, బుజ్జీ,

"చిన్నమ్మ రోజూ పరుగెత్తుతుంది, అలిపిరిలో 3,550 మెట్లూ ఆగకుండా ఎక్కుతుంది. బీపీ లేదు, షుగర్ లేదు. మరి హార్ట్ ఎటాక్ ఎట్లా వచ్చింది తాతా?" అని అడిగారు. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు.

నా చిన్నప్పుడు చిత్తూరు దగ్గర మా ఊళ్లో చెరకు తోటకు ఆయిల్ ఇంజన్‌తో నీళ్లు పెట్టేవాళ్లం. పైన గుడ్డ, లోపల రబ్బరు పొర అతికిన పైపు. మడి నిండగానే నాయనకు కేక వేయడం నా పని. ఒకనాడు ఇంజన్ బాగానే ఆడుతోంది, నీళ్లు మాత్రం దారంలా వస్తున్నాయి. చెత్త అడ్డం పడిందేమోనని నాయన పైపు కోసి చూశాడు. చెత్త లేదు. లోపలి పొర ఒకచోట చిట్లి, నీళ్లు రెండు పొరల మధ్యకు దూరి, పొర బుడగలా ఉబ్బి దారి మూసేసింది. వేలితో నొక్కితే మెత్తగా అణిగింది.

చిన్నమ్మ గుండెకు రక్తం అందించే నాళంలో జరిగిందీ అదే. కొవ్వు పేరుకోలేదు. నాళం గోడకు మూడు పొరలుంటాయి. వాటి మధ్య రక్తం చేరి దారిని నొక్కేసింది. దీన్ని డాక్టర్లు స్కాడ్ (SCAD) అంటారు. ఇది వచ్చేవాళ్లలో నూటికి 90 మంది దాకా ఆడవాళ్లే. కాన్పైన కొత్తలోనూ వస్తుంది. పెద్ద దుఃఖమో, మోయలేని బరువు ఎత్తడమో కారణం కావచ్చు. ఇందులో ఆమె తప్పేమీ లేదు, ఉందని ఎవరన్నా అంటే నమ్మకండి.

మొదట చూసిన డాక్టరు ఆమె చిన్న వయసు చూసి, గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండోచోట ఈసీజీ, రక్త పరీక్ష చేసి, రంగు మందు ఎక్కించి నాళాలను ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్ తీస్తే తెలిసింది. ఇంట్లో ఎవరైనా ఛాతీ పట్టేసింది, దవడ లాగుతోంది, చెమటలు పోస్తున్నాయి అంటే "గ్యాసేలే" అనకండి. 108కి ఫోన్ చేయండి.

నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం, అదే స్టెంట్, ఎందుకు వేయలేదని మీ నాన్న అడిగాడు. దాన్ని వేయడానికి చిట్లినచోట తీగ దూరిస్తే చీలిక ఇంకా సాగవచ్చు. అందుకే రక్తం పారుతున్నంతవరకు మందులిచ్చి కనిపెట్టుకుని ఉంటారు. మా నాయన పైపుకు కొత్త ముక్క అతికించాల్సి వచ్చింది. గుండె నాళం చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తనంతట తానే మానిపోతుంది. అదెట్లా అంటే పైపుతో చెప్పలేను నాయనా, పైపుకు ప్రాణం లేదు.

ఆదివారం ఆమె దగ్గరికి పోతారు కదా. యాంజియోగ్రామ్‌కు సూది గుచ్చిన చేయి కాదు, రెండో చేయి పట్టుకోండి. మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్లు మెల్లగా ఆనించండి. మాట్లాడకుండా ఒక నిమిషం లెక్కపెట్టి, ఎన్నిసార్లు కొట్టుకుందో నాకు రాయండి.

మీ తాత
తిరుపతి