అప్పన్న గుడిలో పెద్ద కుర్చీ: 1996 తీర్పు మిగిల్చిన తగాదా

ఆలయాలను ప్రభుత్వ పెత్తనం నుంచి విడిపించాలన్న డిమాండ్ విశాఖలో మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. 2025 జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్ హైందవ శంఖారావం సభ పెట్టినప్పుడు ఇక్కడివాళ్లు దాన్ని విజయవాడ వార్తగానే చూశారు. ఏప్రిల్ 30న చందనోత్సవం. ఆ తెల్లవారుజామున అప్పన్న కొలువైన సింహాచలం కొండ మీద 300 రూపాయల టికెట్ క్యూలైన్ పక్కన, కొద్దిరోజుల ముందే కట్టిన గోడ వానకు కూలి 7 మంది భక్తులు చనిపోయారు. కట్టించింది ప్రభుత్వమే, కొండ మీద పెత్తనమూ ప్రభుత్వానిదే. ఈవోతో పాటు పలువురు సస్పెండయ్యారు. గుడిని వదిలేయండన్న మాటకు అంతకంటే బలమైన సాక్ష్యం ఏం కావాలని అప్పుడు చాలామంది అడిగారు.

ఆరు నెలలకే ఆ ప్రశ్న తిరగబడింది. నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో, ప్రైవేటు స్థలంలో కట్టిన వెంకటేశ్వర స్వామి గుడిలో తొక్కిసలాట జరిగి 9 మంది చనిపోయారు. ఈ గుడి దేవాదాయ శాఖ పరిధిలో లేదని ప్రభుత్వం వెంటనే చెప్పుకుంది. ప్రభుత్వ గుడి, ప్రైవేటు గుడి రెండూ జనాన్ని కాపాడలేకపోయాయి. అయినా టీవీ చర్చల్లో ఒక పక్షం సింహాచలాన్ని, రెండో పక్షం కాశీబుగ్గను పట్టుకుని కూర్చున్నాయి.

1817 నాటి మద్రాసు రెగ్యులేషన్, జస్టిస్ పార్టీ రోజుల్లో పానగల్ రాజా తెచ్చిన దేవాదాయ చట్టం, రాజ్యాంగం 25, 26 అధికరణలు, 1954 శిరూరు మఠం తీర్పు: ఈ వరస ఇప్పటికే చాలాసార్లు రాశారు, ఇక్కడ మళ్లీ అక్కర్లేదు. ఒక్క సంగతి గుర్తుంటే చాలు. పూజ ఎలా జరగాలో భక్తులది, ఆస్తి ఎలా నడవాలో చట్టానిది అని రాజ్యాంగం ఒక గీత గీసింది. ఆ గీత ఎక్కడుందో చెప్పే పని శిరూరు మఠం తీర్పుతో కోర్టుల నెత్తిన పడింది.

మన గొడవ అసలు మొదలయ్యేది ఎన్టీఆర్ హయాంలో. 1984లో ఆయన ప్రభుత్వం జస్టిస్ చల్లా కొండయ్య అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆ కమిషన్ సిఫార్సుల మీద వచ్చిందే 1987 దేవాదాయ చట్టం, అంటే 30వ నంబరు చట్టం. అర్చకత్వంలో వారసత్వ హక్కు రద్దయింది. తిరుమల మిరాశీలు, అంటే వంశపారంపర్య సేవా హక్కులు, పోయాయి, వాటితో పాటు ప్రసాదాల్లో వాటాలూ పోయాయి. అనువంశిక ధర్మకర్తల హక్కును 16వ సెక్షన్ తీసేసింది. కాషాయం కట్టుకుని తిరిగిన ముఖ్యమంత్రే ఈ పని చేయడం చూసి అప్పట్లో కొందరికి నవ్వొచ్చింది, కొందరికి ఒళ్లు మండింది. తరతరాలుగా గుడి చుట్టూ పేరుకున్న హక్కుల్ని ఒక్క చట్టంతో తీసేసే సాహసం అంతకుముందు మద్రాసు ప్రభుత్వం గానీ, 1966 చట్టం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గానీ చేయలేదు. ఆ హక్కుల కింద నలిగిన భక్తుడి గురించి ఈరోజు విముక్తి సభల్లో ఎవరూ మాట్లాడరు. గుడి ఆదాయం ఎంతో, ఖర్చెంతో, దేవుడి పొలం కౌలు ఎవరి చేతికి పోతోందో ఊళ్లో అడిగే హక్కు ఎవరికీ లేని కాలం అది. అడిగే హక్కు కాగితం మీదైనా వచ్చింది ఈ చట్టాలతోనే.

ఆ చట్టం మీద సుప్రీంకోర్టు 1996లో రెండు నెలల తేడాతో రెండు తీర్పులిచ్చింది. నా లెక్కలో నేటి తగాదా మొత్తానికీ మూలం అక్కడే ఉంది.

మార్చి 19 నాటి నారాయణ దీక్షితులు తీర్పు సూటిగానే ఉంది. అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారం, నియమించాక జరిగే పూజ మత వ్యవహారం అని కోర్టు విడదీసింది. తండ్రి తర్వాత కొడుకన్నది మతం పెట్టిన నియమం కాదంది. ఆగమం తెలిసిన అర్హుడైతే చాలంది.

చిక్కంతా జనవరి 17 నాటి పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి కేసులో ఉంది. హిందూ ఆలయాలకే ఈ చట్టం ఎందుకు, మిగతా మతాలకు ఎందుకు లేదని ధర్మకర్తల వైపు నుంచి గట్టిగా వాదించారు. అన్ని మతాలకూ ఒకే చట్టం ఉండటం ఎంతో మంచిదే గానీ, ఒక్కసారే తెస్తే దేశ ఐక్యతకు చేటు కావచ్చని, అంచెలంచెలుగా రావచ్చని కోర్టు చెప్పింది. విముక్తి ఉద్యమకారులకు నేటికీ మింగుడుపడని మాట ఇదే. ముప్పై ఏళ్లు కావస్తున్నా రెండో అంచె ఎక్కడని వాళ్లు అడుగుతున్నారు, ఆ అడగడంలో న్యాయం ఉంది.

కానీ ఆ తీర్పులో అంతగా చర్చకు రాని మాట ఇంకొకటుంది. అనువంశిక హక్కు రద్దును సమర్థిస్తూనే, గుడి కట్టించిన కుటుంబాన్ని పూర్తిగా పక్కన పెట్టడం తగదని కోర్టు భావించింది. ధర్మకర్తల మండలి పెట్టినా, దానికి ఛైర్మన్‌గా వ్యవస్థాపక కుటుంబ సభ్యుడే ఉండాలని 17వ సెక్షన్‌కు అర్థం చెప్పింది. ముందు తలుపు మూసి పెరటి తలుపు తీసినట్టయింది. ఆ తర్వాత చట్టాన్ని సవరించి, వ్యవస్థాపక కుటుంబ సభ్యుడంటే ఎవరో రాశారు. పితృ వంశక్రమంలో వచ్చినవాళ్లు, నియామక అధికారి చేత ప్రకటించబడిన లేదా గుర్తింపు పొందినవాళ్లు అని దాని సారాంశం.

అంటే ఏ ఇంట్లో పుట్టారన్నది చరిత్ర చెబితే, వాళ్లలో ఎవరు లెక్కలోకి వస్తారన్నది ప్రభుత్వం చెబుతుంది. రాజు గారి వారసుడికీ జీవో కావాలి. దేవుడి పేరు మీద ఉన్న కుర్చీలో ఎవరు కూర్చోవాలో అధికార పార్టీ తేల్చే వీలు అక్కడే దొరికింది. చాలా గుళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అక్కడ కొట్లాడుకునేంత ఆస్తి లేదు. సింహాచలంలో ఉంది.

సింహాచలానికి వ్యవస్థాపక కుటుంబం విజయనగరం రాజవంశం. 2016లో ఆ ఇంటి ఆనంద గజపతి రాజు చనిపోయాక సింహాచలం దేవస్థానం, విద్యాసంస్థలు నడిపే మాన్సాస్ ట్రస్టు రెండింటి ఛైర్మన్ పదవులూ తమ్ముడు అశోక్ గజపతి రాజుకు వచ్చాయి. మాన్సాస్‌ను వాళ్ల తండ్రి పి.వి.జి. రాజు 1958లో పెట్టారు. అశోక్ అప్పట్లో తెలుగుదేశం సీనియర్ నాయకుడు, కేంద్రంలో విమానయాన మంత్రిగా చేసినవారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. 2020 మార్చిలో వరసగా జీవోలు వెలువడ్డాయి. ఆనంద గజపతి కుమార్తె సంచయిత సహా ముగ్గురు మహిళల్ని వ్యవస్థాపక కుటుంబ సభ్యులుగా గుర్తించారు, రెండు కుర్చీలూ సంచయితకు అప్పగించారు. ప్రభుత్వం వైపు నుంచి, ఆమె వైపు నుంచి వినిపించిన వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ఆడపిల్ల అయినంత మాత్రాన వారసత్వం ఎందుకు పోవాలన్నది రాజ్యాంగం అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న ప్రభుత్వానికి తట్టిన సమయం చూస్తే, సమానత్వం మీద ప్రేమ ఎంతో, ప్రతిపక్ష పార్టీ నాయకుడి మీద కసి ఎంతో విశాఖలో చిన్నపిల్లలైనా చెప్పేవాళ్లు.

2021 జూన్ 14న హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. మాన్సాస్ విషయంలో పెద్ద మగ వారసుడే ఛైర్మన్ అన్న ట్రస్టు పత్రం మాటకు విలువిచ్చింది. అశోక్ తిరిగి వచ్చారు. ఏ సమానత్వం పేరు చెప్పి అర్చకుల వారసత్వం రద్దును 1996లో సమర్థించారో, అదే న్యాయవ్యవస్థలో పాతికేళ్ల తర్వాత ధర్మకర్త కుర్చీ విషయంలో మగ వారసత్వం నిలబడింది. ఆస్తి, ఆచారం, ట్రస్టు పత్రం అని చట్టం తెలిసినవాళ్లు దీనికి కారణాలు చెబుతారు. చందనోత్సవం నాడు తొలి దర్శనం చేసుకునే కుటుంబం ఏదన్నది మాత్రం మారలేదు.

అర్చకుల సంగతి కూడా అక్కడితో ఆగలేదు. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 33వ నంబరు చట్టంతో అర్చక కుటుంబాలకు వంశపారంపర్య హక్కును తిరిగి ఇచ్చింది. ఎన్టీఆర్ తీసిందాన్ని వైఎస్ ఇచ్చారు. మధ్యలో ఉన్న సుప్రీంకోర్టు తీర్పు రద్దును తప్పు కాదందే గానీ తప్పనిసరి అనలేదు కాబట్టి అదీ చెల్లింది.

ఆలయ విముక్తి కోరేవాళ్ల చేతిలో మంచి తీర్పులు లేకపోలేదు. 2014 జనవరిలో చిదంబరం కేసులో సుప్రీంకోర్టు, నిర్వహణ లోపాలుంటే ప్రభుత్వం చేతిలోకి తీసుకోవచ్చు గానీ లోపం సరిచేశాక తిరిగి ఇచ్చేయాలంది. మనకు ఇంకా దగ్గరిది అహోబిలం. ఆ గుడికి ఈవోను వేసే అధికారం ప్రభుత్వానికి లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2022 అక్టోబరులో తేల్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. ఈ రెండూ సింహాచలానికి వర్తిస్తాయా అంటే కష్టం. చిదంబరం దీక్షితులు తమను ఒక ప్రత్యేక సంప్రదాయ శాఖగా నిరూపించుకున్నారు. అహోబిలం గుడి వెనక మఠం ఉంది. సింహాచలం వెనక ఉన్నది సంస్థానం. మత శాఖలు తమ మత వ్యవహారాలు తామే చూసుకోవచ్చనే 26వ అధికరణ మఠానికి ఇచ్చే రక్షణ సంస్థానానికి దొరకదు.

మసీదులు, చర్చిలు స్వేచ్ఛగా ఉన్నాయి, గుళ్లకే ఈ బంధనమా అన్న ప్రశ్న సభల్లో బాగా చప్పట్లు కొట్టిస్తుంది. వక్ఫ్ బోర్డు కూడా చట్టం పుట్టించిన సంస్థే. 2025లో పార్లమెంటు ఆ చట్టాన్ని ఎంత మార్చిందో, దాని మీద సుప్రీంకోర్టులో ఎంత రచ్చ జరిగిందో చూశాం. చర్చిల దారి వేరు, అవి ఎక్కువగా సొసైటీలు, ట్రస్టులు. వీటన్నిటికంటే పనికొచ్చే పోలిక గురుద్వారాలది. 1925లో మద్రాసు రాష్ట్రం దేవాదాయ చట్టం చేసింది. అదే ఏడాది పంజాబు సిక్కు గురుద్వారాల చట్టం చేసింది. రెండు చోట్లా కారణం ఒకటే, మహంతులు, ధర్మకర్తలు ఆస్తులు తినేస్తున్నారని. మద్రాసు పైనుంచి నియమించే బోర్డును పెట్టింది. పంజాబు సిక్కులకు ఓటిచ్చి, వాళ్లు ఎన్నుకునే కమిటీని పెట్టింది. అది కూడా రాజకీయాలకు అడ్డాగా మారిందన్నది నిజమే. కానీ అక్కడ ఓడిపోయే భయం ఉంది. మన దగ్గర ఆ దారి గురించి వందేళ్లలో ఎవరూ సీరియస్‌గా ఆలోచించలేదు. భక్తులకు ఓటివ్వడమంటే ప్రభుత్వానికీ టెన్షనే, సంస్థానానికీ టెన్షనే.

విశ్వహిందూ పరిషత్ తన ముసాయిదాలో రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో ధార్మిక పరిషత్తులు ఉండాలంటోంది. వాటిలో ధర్మాచార్యులు, రిటైరైన న్యాయమూర్తులు వంటివాళ్లు ఉంటారు. ఇలాంటిదే మనకు 2007 సవరణతో వచ్చింది. పీఠాధిపతులు, ఆగమ పండితులు, రిటైరైన జడ్జి సభ్యులుగా 21 మందితో ధార్మిక పరిషత్ ఉండాలని చట్టంలో ఉంది. దానికి ఛైర్మన్ దేవాదాయ మంత్రి. పేరు పరిషత్, పగ్గాలు సచివాలయంలో.

పీఠాలు ప్రభుత్వానికి దూరంగా ఉంటాయన్న నమ్మకమూ విశాఖవాళ్లకు పెద్దగా లేదు. చినముషిడివాడలోని శారదా పీఠానికి భీమునిపట్నం మండలం కొత్తవలసలో 15 ఎకరాలు, ఎకరం లక్ష రూపాయల చొప్పున వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఇచ్చింది. 2024 అక్టోబరులో కూటమి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. ఇచ్చినప్పుడు ధర్మం అన్నారు, తీసుకున్నప్పుడు నిబంధన అన్నారు. పైగా 2023 చందనోత్సవంలో ఏర్పాట్ల మీద బాహాటంగా మండిపడినవాళ్లలో ఆ పీఠాధిపతి కూడా ఉన్నారు, అదీ తనను గౌరవించిన ప్రభుత్వం ఉండగానే.

ఇక పంచగ్రామాలు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురంలో దేవస్థానం భూమి అని రికార్డుల్లో ఉన్న చోట పన్నెండు వేలకు పైగా ఇళ్లున్నాయి. కట్టుకున్నవాళ్లు అప్పన్న భక్తులే, గిరి ప్రదక్షిణ నాడు రోడ్డు మీద మజ్జిగ పంచేదీ వాళ్లే. రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు లోన్ రాదు, పైకప్పు మార్చుకోవాలన్నా భయం. క్రమబద్ధీకరిస్తామని ప్రతి ఎన్నికలోనూ మాట ఇస్తారు. 2019లో చట్టం చేశారు, అది కోర్టు మెట్ల దగ్గర ఆగింది. ఇళ్లున్న భూమికి బదులు దేవుడికి వేరే చోట భూమి ఇస్తామన్నది ఇప్పుడున్న ప్రభుత్వ ప్రతిపాదన. దేవుడి భూమిని ప్రభుత్వం ఎలా పంచుతుందని విముక్తి కోరేవాళ్లు దీన్ని వ్యతిరేకిస్తారు, వాళ్ల సూత్రం ప్రకారం అది సరైన మాటే. రేపు దేవస్థానం నుంచి ప్రభుత్వం తప్పుకుంటే మాత్రం, బదులుగా ఇవ్వడానికి కొత్త యాజమాన్యం చేతిలో ప్రభుత్వ భూమి ఉండదు. వేపగుంటలో ముప్పై ఏళ్ల కిందట కట్టుకున్న ఇంటివాళ్లు ఎవరి దగ్గరికి పోవాలన్న ప్రశ్నకు ఏ ముసాయిదాలోనూ ఇంకా పేరా రాయలేదు.